డెల్టా ఇళ్లలో బూజు, ముక్కిన వాసన: తుడిచినా మళ్లీ ఎందుకు వస్తాయి?

శ్రావణ శుక్రవారానికి కట్టుకుందామని తీసిన పట్టుచీర మడతల్లో బూడిదరంగు చుక్కలు, ఫ్రిజ్ తలుపు తీయగానే గుప్పుమనే నీచు, ఉతికి ఆరేసినా మర్నాటికే చెమ్మ వాసన కొట్టే తువ్వాలు. గోదావరి డెల్టాలో వానాకాలం వస్తే ఇవి మామూలే. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపు ఎవరిని అడిగినా ఏదో ఒక చిట్కా చెబుతారు. వంటసోడా, నిమ్మచెక్క, కలరా ఉండలు, సాంబ్రాణి, బ్లీచింగ్ పౌడర్... జాబితా పెద్దదే. వీటిలో కొన్ని కొన్నింటికే పనిచేస్తాయి. కొన్ని దేనికీ పనిచేయవు. ఒకటి రెండు ప్రమాదకరం కూడా.

సంక్షిప్తంగా

బూజు బతికేది తేమ మీద. తుడిస్తే పోయేది పైకి కనిపించే భాగమే. తేమ అలాగే ఉంటే అదే చోట మళ్లీ మొలుస్తుంది. డెల్టా గాలిలో నీరు ఎక్కువ కాబట్టి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లగా ఉండే ప్రతి చోటూ దానికి అనుకూలమే: ఫ్రిజ్ డోర్ రబ్బరు, బయటి గోడకు ఆనించిన బీరువా, ఏసీ గది పక్క గోడ. వాసనల సంగతి వేరు. ఒక్కో వాసనకు ఒక్కో రసాయనం కారణం, విరుగుడూ దాన్నిబట్టే మారుతుంది.

గాలిలో నీరు అంతే, శాతం మారుతుంది

బూజు ఒక శిలీంధ్రం. దాని సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. అవి రాకుండా ఇంటిని కాపాడుకోవడం ఎవరివల్లా కాదు. అయితే అవి మొలకెత్తాలంటే వాలిన చోట తేమ కావాలి. వస్తువును ఆనుకుని ఉన్న గాలిలో తేమ 80 శాతం దాటి నిలకడగా ఉంటే చాలా రకాల బూజులు పెరుగుతాయి. పొడి చోట్లకు అలవాటుపడ్డ కొన్ని రకాలు 70 శాతం దగ్గరే మొదలుపెడతాయి. 60 శాతం లోపు ఉంటే ఇంట్లో బూజు దాదాపు పెరగదు. బాగా తడిసిన గుడ్డయినా, చెక్కయినా 24 నుంచి 48 గంటల్లోపు ఆరకపోతే బూజు మొదలైనట్టే అనుకోవాలి.

డెల్టా ఈ అంకెల్లో ఎప్పుడూ పై అంచునే ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి సార్వా, దాళ్వా పంటలకు నీళ్లు పారుతూ ఏడాదిలో ఎక్కువ భాగం నేల తడిగానే ఉంటుంది. ఇప్పుడు చేపల, రొయ్యల చెరువులు తోడయ్యాయి. ఒకవైపు సముద్రం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అది పోగానే అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. అనంతపురంలో తడిగుడ్డ ఆరే వేగాన్ని ఇక్కడ ఆశించడం కుదరదు.

చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. తెల్లవారుజామున గాలిలో తేమ 92 శాతం అని, మధ్యాహ్నం 65 శాతం అని వాతావరణ వివరాల్లో చూస్తే మధ్యాహ్నానికి గాలి పొడిబారిందనిపిస్తుంది. లెక్క వేస్తే అలా ఉండదు, ఎందుకంటే ఈ శాతం చెప్పేది ఆ వేడి దగ్గర గాలి మోయగలిగిన నీటిలో ఎంత వంతు ఉందన్నది మాత్రమే. 26 డిగ్రీల దగ్గర 92 శాతం అంటే ఘనమీటరు గాలిలో సుమారు 22 గ్రాముల నీటి ఆవిరి. 32 డిగ్రీల దగ్గర 65 శాతం అన్నా దాదాపు అంతే. నీరు ఎక్కడికీ పోలేదు. గాలి వేడెక్కింది కాబట్టి ఇంకా మోయగలుగుతోంది, అంతే. ఇదే సూత్రం తిరగబడితే బూజు పుడుతుంది. గదిలో 31 డిగ్రీలుండి తేమ 69 శాతమే అయినా, అదే గాలి 26 డిగ్రీలున్న గోడ పక్కకు చేరితే అక్కడ 90 శాతం అవుతుంది. గది మధ్యలో ఏ ఇబ్బందీ ఉండదు, బీరువా వెనక మాత్రం బూజు ఉంటుంది.

వానాకాలంలో కిటికీలు తెరవాలా, మూయాలా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ముసురు పట్టిన రోజున కిటికీ తెరిస్తే బయటి తేమే లోపలికి వస్తుంది. ఎండ కాసిన మధ్యాహ్నం కిటికీలతోపాటు బీరువా తలుపులూ బార్లా తీస్తే బట్టలు వేడెక్కి, పట్టుకున్న నీటిని వదులుతాయి. ఫ్యాను గాలిలోని నీటిని తగ్గించదు, తడి వస్తువు ఆరే వేగాన్ని మాత్రం పెంచుతుంది. ముసురు రోజుల్లో ఇంట్లోనే దండెం కట్టి బట్టలు ఆరేస్తే వాటిలోని నీరంతా ఆ ఇంటి గాలిలోకే వెళ్తుంది. ఆరేసే గదిని వేరుగా ఉంచి, తలుపు వేసి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే వేయడం మేలు.

మండువా లోగిలి, కాంక్రీటు శ్లాబు

పాత పెంకుటిళ్లలో కూడా బూజు ఉండేది. కాకపోతే మండువా మధ్యలో ఆకాశం కనిపించేది, పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది, సున్నం పూసిన గోడ తేమను పీల్చుకుని తిరిగి వదిలేసేది. సున్నానికి క్షారగుణం ఉంది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద బూజు సులువుగా మొలవదు. ఏటా పండక్కి వెల్ల వేసే అలవాటులో శుభ్రతతోపాటు ఈ లాభమూ కలిసివచ్చింది.

ఇప్పటి శ్లాబు ఇళ్లలో గాలి దారులు తగ్గాయి, గోడల మీద ప్లాస్టిక్ పొరలాంటి ఎమల్షన్ రంగు వచ్చింది. భూగర్భజలం పైపైనే ఉండే ఊళ్లలో ఇటుక గోడ కింద నుంచి నీటిని పీలుస్తుంది. నెమ్ము అనేది దీన్నే. ఉప్పునీటి చెరువుల పక్కన, సముద్రపు అంచు గ్రామాల్లో ఆ నీటితో ఉప్పు కూడా ఎక్కుతుంది. ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా అలాంటి గోడ చెమర్చినట్టే ఉంటుంది. ఎన్నిసార్లు రంగు వేయించినా పొరలుగా రాలిపోవడానికి కారణం ఇదే. అక్కడ బూజును తుడవడంకన్నా బీరువాను గోడకు ఒక జానెడు ముందుకు జరపడం ఎక్కువ ఫలితమిస్తుంది.

ఏసీలు ఇంకో మలుపు. ఏసీ నడిచే గదిలో తేమ తగ్గుతుంది, నిజమే. ఆ గది గోడకు అవతలి వైపు, ఏసీ లేని గదిలో పరిస్థితి తలకిందులు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలున్న దేన్ని తాకినా మంచు పట్టినట్టు చెమరుస్తుంది. ఏసీ ఆపి వెంటనే కిటికీలు తెరిచినా చల్లబడ్డ పరుపులు, కర్టెన్ల మీద అదే జరుగుతుంది.

నూలు, పట్టు, పాలిస్టర్

బట్టలన్నీ ఒకేలా తేమ పట్టవు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు పొడిగా అనిపించే నూలు బట్ట కూడా తన బరువులో 7 నుంచి 8 శాతం నీటిని మోస్తుంటుంది. పట్టులో అది 11 శాతం, ఉన్నిలో 16 దాకా ఉంటుంది. పాలిస్టర్‌లో అర శాతం కూడా ఉండదు. నూలు దారమే సెల్యులోజ్, అంటే శిలీంధ్రానికి తిండి. దానిమీద గంజి పెట్టి మడిచి దాస్తే బూజుకు ఇంకా తేలిగ్గా అరిగే తిండి పెట్టినట్టే. వానాకాలానికి ముందు దాచే నూలు చీరలు, పంచెలు గంజి లేకుండా ఉతికి దాచడం మంచిది. కట్టుకునే ముందు పెట్టుకోవచ్చు. పాలిస్టర్‌ను బూజు తినలేదు. కానీ దానిమీది చెమట, జిడ్డు తింటుంది. పైగా పాలిస్టర్ చెమట వాసనను నూలుకన్నా గట్టిగా పట్టుకుంటుంది.

బూజు పట్టిన నూలు బట్టను ఇంట్లో దులిపితే సిద్ధబీజాలు మిగతా బట్టల మీద పడతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట ఎండలో బ్రష్‌తో దులిపి, ఆ తర్వాత బట్ట తట్టుకున్నంత వేడినీళ్లలో సబ్బుపొడితో ఉతకాలి. తెల్లటి నూలుకైతే మచ్చ పోవడానికి ఆక్సిజన్ బ్లీచ్ (క్లోరిన్ లేని బ్లీచ్) వాడొచ్చు. దారంలోకి ఇంకిన నల్లమచ్చలు కొన్ని ఎప్పటికీ పోవు. అవి బూజు వదిలిన రంగులు. మచ్చ మిగిలినంత మాత్రాన బూజు బతికున్నట్టు కాదు.

పట్టు విషయంలో తొందర పనికిరాదు. ఉప్పాడ జాందానీ అయినా, కంచిపట్టు అయినా తడిగుడ్డతో రుద్దితే మచ్చ పాకుతుంది. మెత్తటి బ్రష్‌తో ఆరుబయట నీడలో దులిపి, గాలికి ఆరనిచ్చి, మిగిలింది డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడమే క్షేమం. తీక్షణమైన ఎండ పట్టుదారాన్ని పసుపుబారుస్తుంది, బలహీనపరుస్తుంది. రోహిణి కార్తెలో పరుపులు, బొంతలు డాబా మీద వేసినట్టు పట్టుచీరలను వేయకూడదు. దుకాణం ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే చీర ఉంచడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. లోపల కొంచెం తేమ చిక్కుకున్నా అది బయటకు పోదు. గంజి పోయేలా ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టడం మేలు. రెండు మూడు నెలలకోసారి మడత మార్చి చుడితే జరీ కూడా విరగదు.

కలరా ఉండలు చంపేది పురుగులను. బూజు మీద వాటి ప్రభావం లెక్కలోకి రానిది. వాటి ఘాటు ముక్కిన వాసనను కప్పేస్తుంది కాబట్టి పనిచేసినట్టు అనిపిస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి, నాఫ్తలీన్ ఆవిరి పట్టిన బట్టలు పసిపిల్లలకు మంచివి కావు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డల్లో అది ఎర్రరక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లకు దారితీస్తుంది. బాలింత గదిలోకి బీరువాలోంచి పాత మెత్తని చీరలు, పొత్తిగుడ్డలు తెచ్చే ఆచారం ఉన్న ఇళ్లలో ఇది గుర్తుంచుకోవలసిన విషయం. వేపాకు వేసేవారు బాగా ఎండిన ఆకు వేయాలి. పచ్చి ఆకు బీరువాలోకి తేమను మోసుకెళ్తుంది.

ఉతికిన వెంటనే బాగుండి, మళ్లీ కాస్త తడవగానే కంపు కొట్టే తువ్వాళ్ల కథ బూజుది కాదు. ఎక్కువసార్లు దాని వెనక మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది చల్లనీటి ఉతుకునూ, ఆరబెట్టడాన్నీ తట్టుకుంటుంది. తడి తగలగానే మళ్లీ పని మొదలుపెడుతుంది. 60 డిగ్రీల వేడినీళ్లలో నానబెట్టి ఉతికితే నూలు తువ్వాళ్లకు ఆ వాసన పోతుంది. కండిషనర్ ఎక్కువ పోస్తే పరిమళం వస్తుంది గాని, దారం మీద పొర మిగిలి సమస్య పెరుగుతుంది. ఉతుకు అయ్యాక వాషింగ్ మెషీన్ మూత తెరిచి ఉంచాలి. ముందు తలుపున్న మెషీన్లలో రబ్బరు మడతను పొడిగుడ్డతో తుడవాలి.

ఫ్రిజ్: చల్లదనం బూజును ఆపదు

4 డిగ్రీల దగ్గర బూజు నెమ్మదిస్తుంది. ఆగదు. క్లాడోస్పోరియం, పెనిసిలియం జాతులు ఆ చలిలోనూ పెరుగుతాయి. డోర్ రబ్బరు మీద కనిపించే నల్లటి చుక్కలు ఎక్కువగా అలాంటివే.

ఫ్రిజ్‌లోకి నీరు ఎలా చేరుతుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీరుంటుంది. 4 డిగ్రీలకు చల్లబడితే ఆ గాలి 6 గ్రాములకు మించి మోయలేదు. మిగతా 18 గ్రాములూ లోపల రాలిపోవాల్సిందే. 250 లీటర్ల ఫ్రిజ్‌లో గాలి ఒకసారి పూర్తిగా మారితే దాదాపు టీస్పూను నీళ్లు. తేమ 30 శాతమే ఉన్న ఊళ్లో ఇదే ఫ్రిజ్‌లో చేరేది అందులో ఆరో వంతు. పిల్లలు తలుపు తీసి ఏం తినాలా అని ఆలోచిస్తూ నిలబడే ఇంట్లో ఈ స్పూన్లు ఎన్నవుతాయో చెప్పనక్కర్లేదు. మూత లేని గిన్నెలు, తడి ఆరని ఆకుకూరలు దీనికి తోడు.

ఈ నీరు వెనక గోడ మీద నుంచి జారి ఒక చిన్న రంధ్రంలోంచి బయటకు పోవాలి. కొత్తిమీర రెబ్బో, కరివేపాకో అడ్డం పడితే కూరగాయల ట్రే కింద మడుగు కడుతుంది. లోపలంతా తుడిచినా కంపు పోని ఫ్రిజ్‌లలో ముందు చూడవలసింది అక్కడ. తర్వాత చూడవలసింది ఫ్రిజ్ వెనక, కంప్రెసర్ మీద ఉండే నీటి పళ్లెం. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో కరిగిన నీరంతా అక్కడికే చేరుతుంది. దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు.

శుభ్రం చేసే పద్ధతిలో రహస్యమేమీ లేదు. ప్లగ్ తీసి, ట్రేలు బయటకు తెచ్చి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగాలి. డోర్ రబ్బరు మడతలను పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. లీటరు నీళ్లకు రెండు చెంచాల వంటసోడా కలిపి లోపలి గోడలు తుడిచి, చివరగా పొడిగుడ్డతో తుడవాలి. ఆ పైన గంట సేపు తలుపు తెరిచి ఆరనివ్వాలి. చాలామంది వదిలేసేది ఈ ఆఖరి పనే. రబ్బరు గట్టిపడి సందు వదులుతుంటే ఎంత కడిగినా లాభం లేదు. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగినప్పుడు అది జారి వచ్చేస్తే రబ్బరు మార్పించాలి.

నీచు, నూనె, మట్టి: వాసన ఒకటి కాదు

సముద్రపు చేపలు, రొయ్యలు పాతబడుతుంటే వచ్చే నీచు వాసనకు ప్రధాన కారణం ట్రైమిథైలమైన్. అది క్షారం. అందుకే దానికి పులుపు విరుగుడు. చేప కడిగాక నిమ్మరసమో, చింతపండో పట్టించే వంటింటి అలవాటు రసాయనశాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. చేప నీళ్లు కారిన ఫ్రిజ్ ట్రేను వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవాలి. ఇక్కడ వంటసోడా వల్ల పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే అదీ క్షారమే. పులిసిన పాలు, విరిగిన పెరుగు, పాచిన పండ్లు ఇచ్చే పుల్లటి వాసనలు ఆమ్లాలు. వాటికి వంటసోడా పనిచేస్తుంది. అయితే గిన్నెలో పోసి మూల పెట్టిన సోడా పైపొర మాత్రమే గాలిని తాకుతుంది కాబట్టి దాని సత్తా తక్కువ. నీళ్లలో కలిపి తుడిచినప్పుడే అసలు ఫలితం.

పులస లాంటి కొవ్వు చేపలు, ఎండు రొయ్యలు, తాలింపు నూనెలు గాలి తగిలి పాడైతే వచ్చే పాత నూనె వాసన మరో జాతి. దానికి పులుపూ సోడా రెండూ చాలవు. సబ్బుతో జిడ్డు వదలగొట్టాలి. వెల్లుల్లి, ఉల్లి వాసనల్లో గంధకం ఉంటుంది. ఫ్రిజ్ లోపలి ప్లాస్టిక్ ఇలాంటివాటిని పీల్చుకుని రోజుల తరబడి వదులుతుంది. అలాంటప్పుడు యాక్టివేటెడ్ బొగ్గు పనికొస్తుంది. అందులోని సూక్ష్మరంధ్రాలు వాసన అణువులను పట్టుకుంటాయి. పొయ్యి బొగ్గుకూ కొంత శక్తి ఉంది, కాని చాలా తక్కువ.

ముక్కిన వాసన బూజు విడుదల చేసే ఆవిర్లది. వాటిలో జియోస్మిన్ అనేది తొలకరి చినుకు పడ్డప్పుడు మట్టిలోంచి వచ్చేదే. చెరువు చేపల్లో కొన్నిసార్లు వచ్చే బురద వాసన కూడా దానిదే. మనిషి ముక్కు దీన్ని అతి స్వల్ప మోతాదులో పసిగడుతుంది. అందువల్ల బీరువాలో బూజు కంటికి కనిపించకముందే వాసన తెలుస్తుంది. అగరుబత్తితో దాన్ని కప్పేయడం అంటే ముందస్తు హెచ్చరికను పోగొట్టుకోవడం.

బ్లీచింగ్ ఎక్కడ, ఎక్కడ కాదు

సిమెంటు గచ్చు, టైల్స్ మీద బ్లీచింగ్ పౌడర్ బాగా పనిచేస్తుంది. చెక్క, పరుపు, ప్లాస్టరు లోపలికి ఇంకిన బూజును అది చేరుకోలేదు. పట్టు, ఉన్ని దారాలనైతే కరిగించేస్తుంది. దాన్ని వెనిగర్‌తో గాని, బాత్రూం కడిగే యాసిడ్‌తో గాని కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో కలిపినా విషవాయువులే. రెండు మందులు కలిస్తే బలం రెట్టింపవుతుందన్న నమ్మకం మూసి ఉన్న బాత్రూంలో ప్రాణాల మీదకు తెస్తుంది.

వరద, తుఫాను తర్వాత

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ నీటిమట్టం 17.75 అడుగులకు చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి వరదలో మునిగిన దూది పరుపును ఎండబెట్టి కాపాడుకోవాలనుకోవడం సహజం. అది ఖర్చుతో కూడిన వస్తువు. కానీ పైన ఆరినా మధ్యలో దూది రెండు రోజుల్లో ఆరదు, మురుగు కలిసిన నీరు లోపలే ఉంటుంది. దూది తీసి పారేసి, గలీబు ఉతికి, కొత్త దూది పెట్టించుకోవడం ఒక్కటే దారి. పలచటి దుప్పట్లు, చీరలు మాత్రం వేడినీళ్లలో ఉతికి, త్వరగా ఆరబెడితే దక్కుతాయి.

తుఫానుకు కరెంటు పోతే తలుపు తీయని ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు ఆగుతుంది. అంతకు మించితే చేపలు, మాంసం తీసేయాలి. కుళ్లిన నీరు ఫ్రిజ్ గోడల సందుల్లోంచి లోపలి ఇన్సులేషన్‌లోకి ఇంకితే ఆ వాసనను ఏ ద్రావణమూ తీయలేదు.

తాళం వేసిన ఇళ్లు

కోనసీమ, పశ్చిమ డెల్టా ఊళ్లలో పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండి నెలల తరబడి తాళం పడే ఇళ్లు చాలా ఉన్నాయి. బూజుకు ఇంతకన్నా అనువైన చోటు లేదు. కరెంటు ఆపి, తలుపు మూసి వదిలిన ఫ్రిజ్ వాటిలో అన్నిటికన్నా అధ్వానం. లోపల చిక్కిన తేమ ఎటూ పోదు, చల్లదనమూ ఉండదు. వెళ్లే ముందు రోజే ఖాళీ చేసి, కడిగి, రాత్రంతా ఆరనిచ్చి, తలుపు మూసుకోకుండా గుడ్డ ఉండ అడ్డం పెట్టాలి. వెనకున్న నీటి పళ్లెం ఖాళీ చేయాలి.

బీరువాల్లో సిలికాజెల్ సంచులు పెట్టవచ్చు. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు ఇంకా బలమైనవి, కాని వాటిలో చేరే నీరు బట్టల మీద ఒలికితే మచ్చ పడుతుంది కాబట్టి కింది అరలోనే ఉంచాలి. రెండూ మూసి ఉన్న బీరువాలోనే పనిచేస్తాయి. గాలి ఆడే గదిలో పెడితే డబ్బు వృథా. పుస్తకాల బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచే పాత పద్ధతికీ అర్థముంది. 26 డిగ్రీల్లో 90 శాతం తేమ ఉన్న గాలిని 3 డిగ్రీలు వేడిచేస్తే 76 శాతానికి దిగుతుంది. బట్టల బీరువాలో అది నిప్పు ప్రమాదం, తాళం వేసిన ఇంట్లో అసలు వద్దు. పరుపులను మంచం మీద పక్కకు నిలబెట్టి, గోడకు తగలకుండా ఉంచాలి. ఇంటి తాళం ఒకటి దగ్గరివాళ్ల చేతిలో ఉంచితే, వాన లేని మధ్యాహ్నాల్లో రెండు గంటలపాటు కిటికీలు, బీరువా తలుపులు తెరిచి మళ్లీ మూసేయమని చెప్పవచ్చు. తేమ శాతం చూపే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని హాలు గోడకు కాకుండా బీరువా లోపల, కింది అరలో పెట్టాలి.